షట్టరు గట్టు మీది గులకరాళ్లు

1996 సెప్టెంబరులో నీటిపారుదల శాఖ నన్ను అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బాన్సువాడకు పంపింది. అది నా మొదటి పోస్టింగు. రెండేళ్లు ప్రొబేషను. అంటే ఆ రెండేళ్లలో మన ఫైలు మీద ఏ మచ్చా పడకూడదన్నమాట. నాకు అప్పగించిన సెక్షను ప్రధాన కాలువ నుంచి బీర్కూర్ వైపు చీలే ఒక పాయ. నా పైన డిప్యూటీ ఇంజనీరు, అందరూ డీఈ గారు అనేవారు. నా కింద ఆరుగురు లష్కర్లు.

లష్కరు అంటే సైన్యం గుర్తొస్తుంది గానీ, మా శాఖలో ఆ మాటకు అర్థం వేరు. కాలువ గట్టు వెంట నడుస్తూ, షట్టర్లు ఎత్తుతూ దించుతూ, గేజీ కర్ర మీద నీటి మట్టం చూసి రిజిస్టరులో రాసేవాడు లష్కరు. ఇంజనీర్లు కాగితం మీద నీళ్లు పారిస్తే, పొలంలో పారించేవాడు అతనే. ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ని కాదు.

నాకు గడియారం పిచ్చి. ఆఫీసులో చేరిన రోజే గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉందని స్టూలెక్కి సరిచేశాను. రెండో నెలలో నా కన్ను గేజీ రిజిస్టరు మీద పడింది. అందులో తేదీ, మట్టం, షట్టరు మార్చిన సమయం, ఇతర వివరాలు అని నాలుగు గడులుండేవి. యాసంగిలో, అంటే రబీ పంటకు, నీళ్లు వంతుల మీద ఇస్తాం. నా సెక్షను చివర చీలిక దగ్గర రెండు షట్టర్లు ఉన్నాయి. పగలు పై ఊరికి, రాత్రి కింద క్యాంపుకు, అంటే కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊరికి. పొద్దున ఆరుకు ఒకటి దించి ఒకటి ఎత్తాలి, సాయంత్రం ఆరుకు మళ్లీ తిప్పాలి. ఎప్పుడూ ఆరే అయినప్పుడు రోజూ రాయడమెందుకని, సమయం గడినీ, ఇతర వివరాల గడినీ కొట్టేసి, 'ఉ. 6-00, సా. 6-00' అని ముందే అచ్చేసిన కొత్త ఫారం తయారుచేశాను. స్టెన్సిలు సగానికి సగం కలిసొచ్చింది. డీఈ గారు చురుకైన కుర్రాడివయ్యా అన్నారు. ఆ ఉత్సాహంలో వంతుల పట్టిక కూడా సైక్లోస్టైలు తీయించి, పై ఊరి పంచాయతీ గోడ మీదా, క్యాంపులో రామాలయం గోడ మీదా అంటింపజేశాను.

1997 జనవరి రెండో వారంలో రంజాన్ నెల మొదలైంది. అప్పటికి యాసంగి నాట్లు పూర్తయ్యాయి. ఫిబ్రవరి మొదట్లో ఒక రోజు డీఈ గారు నన్ను పిలిచి ఒక ఫిర్యాదు చేతిలో పెట్టారు. రాసినవాడు వెంకటరత్నం. గోదావరి జిల్లా నుంచి నాలుగేళ్ల కిందట వచ్చి క్యాంపులో భూమి కొనుక్కున్న రైతు. ఆయన పొలం పాయకు చిట్టచివర ఉంటుంది. చీలిక దగ్గర పనిచేసే లష్కరు మదార్ సాబ్ రోజూ షట్టరు ఆలస్యంగా తిప్పుతున్నాడనీ, ఆ ఆలస్యం రోజురోజుకూ పెరుగుతోందనీ, పై ఊరి గంగారెడ్డి పటేలుతో లాలూచీ పడ్డాడనీ ఆయన ఆరోపణ. ఇరవై ఒక్క రోజుల లెక్క జతచేశాడు. మొదటి రోజు తొమ్మిది నిమిషాలు, ఇరవై ఒకటో రోజుకు ఇరవై నిమిషాలు. చీలిక దగ్గర నుంచి తన పొలానికి నీళ్లు ఎంతసేపట్లో వస్తాయో ఎండు కొబ్బరిచిప్పను కాలువలో వదిలి కొలిచాడట. తన మడికి నీళ్లు అందిన సమయంలోంచి ఆ నిమిషాలు తీసేశాడు. ఇంత శ్రద్ధగా రాసిన ఫిర్యాదు నా ఉద్యోగ జీవితంలో మళ్లీ చూడలేదు.

చివర్లో ఇంకో వాక్యం ఉంది. 'నీళ్లు సరిగా ఎప్పుడొస్తాయని అడిగితే సదరు లష్కరు ఇన్‌షా అల్లా అంటాడు తప్ప టైము చెప్పడు. ఇది ప్రభుత్వోద్యోగి ఇవ్వవలసిన జవాబు కాదు.'

డీఈ గారు వారంలో విచారణ నివేదిక ఇమ్మన్నారు. మదార్ సాబ్ పదిహేడేళ్లుగా వర్క్‌చార్జ్‌డు మీద ఉన్నాడు. పని ప్రభుత్వానిది, ఉద్యోగం మాత్రం పర్మనెంటు కాదు. ఆ ఏడాది కొందరి పేర్లు క్రమబద్ధీకరణకు పంపుతున్నారు. మదార్ పేరు జాబితాలో ఉంది. ఫైలులో ఒక్క హెచ్చరిక పడినా పేరు తీసేస్తారు. అతనికి యాభై మూడేళ్లు. మరో జాబితా వచ్చేదాకా సర్వీసు మిగిలి ఉంటుందో లేదో తెలియదు.

నేను ముందు వెంకటరత్నం లెక్కను గ్రాఫు కాగితం మీద గీశాను. బద్ధకస్తుడి ఆలస్యం ఒక రోజు ఐదు నిమిషాలు, ఒక రోజు అరగంట ఉంటుంది. లంచం తిన్నవాడు ఇంత పొదుపుగా తినడు. ఈ గీత మాత్రం ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా, రోజుకు అర నిమిషం చొప్పున నింపాదిగా పైకి పోతోంది. తలెత్తితే ఎదురుగా గోడ మీద బట్టల దుకాణం వాళ్లు పంచిన రంజాన్ కార్డు వేలాడుతోంది. అందులో నెల రోజుల సహరీ, ఇఫ్తార్ సమయాలున్నాయి. సహరీ అంటే తెల్లవారకముందు తినే అన్నం, ఇఫ్తార్ అంటే సూర్యాస్తమయం కాగానే ఉపవాసం విడవడం. జనవరి నుంచి ఫిబ్రవరికి పొద్దు గుంకడం ఆలస్యమవుతూ ఉంటుంది. ఆ ఇఫ్తార్ సమయాలకు పది నిమిషాలు కలిపి అదే కాగితం మీద గీస్తే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

కారణం దొరికింది. కానీ కారణం వేరు, సంజాయిషీ వేరు. ఉపవాసం విడిచి షట్టరు తిప్పుతున్నాడు సరే, క్యాంపు వాళ్లకు రోజూ ఇరవై నిమిషాల నీళ్లు పోతున్న మాట నిజమేగా.

మర్నాడు సాయంత్రం ఐదున్నరకు మోటారు సైకిలు మీద చీలిక దగ్గరికి వెళ్లాను. విచారణ పద్ధతి ప్రకారం ఫిర్యాదీ ఉండాలి కాబట్టి వెంకటరత్నాన్ని రమ్మన్నాను. పై ఊరి తరఫున గంగారెడ్డి పటేలునూ పిలిచాను. తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబం ఆయనది. గట్టు మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో రెండు షట్టర్లు.

మదార్ సాబ్ సలాం సార్ అన్నాడు. నేను ఆఫీసర్ల అలవాటు ప్రకారం తలూపాను. ఆరయింది. అతను షట్టరు దగ్గరికి పోలేదు. వెంకటరత్నం తన చేతి గడియారం నాకు దూరం నుంచే చూపించాడు. మదార్ తువ్వాలు పరిచి, దాని మీద ఖర్జూరాలు, కోసిన అరటిపండు, ఉడికించిన శనగలు పెట్టాడు. చెంబుతో కాలువ నీళ్లు ముంచుకొచ్చాడు. షట్టరు గట్టు మూలన గులకరాళ్లు పోగుపోసి ఉన్నాయి. పశువులు కాసేవాళ్లెవరో ఆడుకున్నారనుకుని నేను పట్టించుకోలేదు.

పొద్దు గుంకింది. మదార్ కళ్లు మూసుకుని పెదవుల్లో ఏదో చదివి, ఖర్జూరం నోట్లో వేసుకుని, చెంబెత్తి గటగటా తాగాడు. తరువాత లేచి మా ముగ్గురికీ తలా రెండు ఖర్జూరాలిచ్చాడు. ఫిర్యాదీకే ముందు ఇచ్చాడు. వెంకటరత్నం తీసుకోవాలా వద్దా అన్నట్టు నా వైపు చూశాడు. విచారణలో ఖర్జూరం తినకూడదని మా మాన్యువల్లో ఎక్కడా లేదు కాబట్టి నేను తిన్నాను, ఆయనా తిన్నాడు. మదార్ నమాజు ముగించుకుని వచ్చి షట్టరు చక్రం పట్టుకునేసరికి ఆరూ ఇరవై రెండు.

ఆ చక్రం నేనూ తిప్పి చూశాను. పది చుట్లకే చెమట పట్టింది. రెండు షట్టర్లకూ కలిపి ఎనభై చుట్లు. తెల్లవారుజాము నుంచి చుక్క నీరు తాగని మనిషి నీళ్లు తాగాకే దాన్ని ముట్టుకుంటాడంటే నేను తప్పు పట్టలేకపోయాను.

అక్కడే వాంగ్మూలం రాసుకున్నాను. ఏం చదివావని అడిగాను. ఫిర్యాదులో అరబ్బీ మాట ఉంది గనక అర్థాలు కూడా రికార్డు కావాలని నా పట్టుదల.

"నీ కోసం రోజా ఉన్న, నువ్విచ్చిన దానితోనే ఇడుస్తున్న అని సార్," అన్నాడు మదార్. రోజా అంటే ఉపవాసం.

ఇన్‌షా అల్లా సంగతి అడిగాను. అల్లా తలిస్తే అని అర్థమట. అది తప్పించుకునే మాట కాదన్నాడు.

"నా చేతుల ఉన్నది చక్రం సార్. తిప్పుత. పైన పెద్ద కాలువల నీళ్లే రాకపోతే నేనేం జెయ్యాలె? గందుకే గా మాట."

నాకు నవ్వొచ్చింది. మా శాఖ రైతులకిచ్చే ప్రతి ప్రకటన చివరా 'నీటి లభ్యతను బట్టి' అని ఉంటుంది. పదిహేను ఊళ్లకు ఆ మాట సంతకం పెట్టి పంపినవాణ్ని నేనే. మా ఇన్‌షా అల్లా అదే.

కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది. క్యాంపు వాళ్ల ఇరవై రెండు నిమిషాల సంగతేమిటని అడిగాను. మదార్ గట్టు మూలకు పోయి, నేను చూసిన పోగులోంచి గులకరాళ్లు తీసి, లెక్కపెట్టి వరుసగా పేర్చాడు. ఇరవై రెండు. దాని పక్కన కొంచెం ఎడంగా ఇంకొకటి.

"పొద్దుగాల క్యాంపుకు వాపసు ఇస్త సార్. ఎన్ని రాళ్లుంటే గన్ని నిమిషాలు ఆగి తిప్పుత."

మరి ఆ ఇరవై మూడో రాయి ఏమిటన్నాను. మదార్ కాస్త సిగ్గుపడ్డాడు. తరువాత చెప్పినదంతా నేను అతని మాటల్లోనే రాసుకోవడానికి ప్రయత్నించాను. అస్సలాము అలైకుమ్ అంటే మీకు శాంతి కలగాలని. ఎవరైనా అలా అంటే తిరిగి ఇచ్చే మాట అంతకు తక్కువ ఉండకూడదు, వీలైతే ఎక్కువ ఉండాలి. అందుకే జవాబులో వ అలైకుముస్సలామ్‌తో ఆగకుండా, వ రహ్మతుల్లాహి వ బరకాతుహు అని కలుపుతారు. అల్లా దయ, ఆయన ఇచ్చే బర్కత్ కూడా మీకు అందాలని. బర్కత్ అంటే ఎక్కువ కావడం కాదట, ఉన్నది సరిపోవడమట.

"సలాంకే గట్ల ఉంటే, రోజా ఉండి ఒకరి నీళ్లు ఆపినంక ఉత్తగ అంతకంతే ఇస్తే ఎట్ల సార్? ఒక నిమిషం మీదికెల్లి ఇస్త."

వెంకటరత్నం ఖర్జూరపు గింజ నోట్లోనే పెట్టుకుని వింటున్నాడు. ఈ సంగతి ఆయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను. రంజాన్‌లో ఇచ్చింది చెప్పుకోకూడదన్నాడు మదార్. పైగా వెంకటరత్నం సారు ఎప్పుడొస్తయని అడిగిండు గానీ ఎప్పటిదాంక ఉంటయని ఒక్కనాడూ అడగలేదన్నాడు.

నోటిమాట సాక్ష్యం కాదు. మర్నాడు పొద్దున ఐదూ యాభైకి మళ్లీ ముగ్గురం గట్టు మీద ఉన్నాం. ఈసారి నేనే ముందు సలాం చెప్పాను. మదార్ పొడుగాటి జవాబిచ్చాడు. ఆరయింది, ఆరూ పది అయింది. మదార్ షట్టరు పక్కన గొంతుక్కూర్చుని నిమిషానికొక రాయి కాలువలో వేస్తున్నాడు. వెంకటరత్నం గడియారం చూసుకుంటూ పైకి లెక్కపెడుతున్నాడు. ఇరవై రెండో రాయి పడ్డాక, ఎడంగా ఉన్నదాన్ని మాత్రం వేయకుండా ఇంకో నిమిషం ఆగి, మదార్ లేచి బిస్మిల్లా అని చక్రం పట్టుకున్నాడు. దేవుడి పేరుతో మొదలుపెడుతున్నాను అని అర్థం. అదీ రాసుకున్నాను.

నేను లెక్క చెప్పాను. ఈ నెలలో క్యాంపుకు ఒక్క నిమిషం తగ్గలేదు సరిగదా, రోజుకొకటి చొప్పున ఎక్కువే పోయింది. తగ్గింది పై ఊరికి. ఇక ఫిర్యాదు ఇవ్వాల్సింది గంగారెడ్డి పటేలు.

పటేలు నిదానంగా తువ్వాలు దులుపుకున్నాడు. "నాకెర్కనే సారూ. పదిహేడేండ్ల సంది గంతే. రోజా పట్టినోడు ఆపిన నీళ్లు, నాకేం తక్కువైతయి?"

వెంకటరత్నం ఆయన వైపు తిరిగాడు. "తెలిసి కూడా నాకొక్క ముక్క చెప్పలేదేవండీ పటేలుగారూ? ఇరవై ఒక్క రోజులు గట్టు మీద జాగారం చేశానండీ నేను."

"నువ్వు కాలువల కొబ్బరిచిప్పలు ఇడుస్తుంటే ఏదో మీ దిక్కు నోము గావొచ్చు అనుకున్న," అన్నాడు పటేలు.

మదార్‌తో సహా అందరం నవ్వాం. అంతవరకు సరదాగానే గడిచింది. నా అసలు ఇబ్బంది ఆఫీసుకొచ్చాక మొదలైంది. వెంకటరత్నం గత మూడు రంజాన్లలో ఎందుకు ఫిర్యాదు చేయలేదా అని పాత రిజిస్టర్లు దించి చూశాను. సమయం గడిలో మదార్ వంకర అక్షరాలు కనిపించాయి. సాయంత్రం 6-20, పొద్దున 6-21. ఇతర వివరాల గడిలో 'రోజా' అని ఒక్క మాట. కింద అప్పటి ఇంజనీరు సంతకం. ప్రతి రంజాన్‌కూ అంతే. ఎవరు అడిగినా చూపించడానికి కాగితం ఉంది. ఆ గడులు కొట్టేసింది నేను. ఆరు గంటలని అచ్చేసి గుడి గోడ మీద అంటించి, వెంకటరత్నం చేతికి గడియారం ఇచ్చినంత పని చేసింది నేను. రాయడానికి చోటు లేక మదార్ రాళ్లలోకి దిగాడు.

నివేదిక ఫారంలో చివరి అంశం 'బాధ్యులు'. డీఈ గారు చిత్తుప్రతి చూసి, ఇది ఎంక్వైరీ రిపోర్టా పురాణమా అన్నారు. అరబ్బీ అర్థాలన్నీ అనుబంధం ఒకటిగా చేర్చాను మరి. తరువాత అనుభవజ్ఞుడిగా సలహా ఇచ్చారు. లష్కరును మందలించడమైనది అని ఒక ముక్క రాస్తే ఫైలు మూసేయవచ్చు, లేకపోతే అచ్చయిన సమయం ఎందుకు పాటించలేదని పైనుంచి ప్రశ్న వస్తుంది. ఆ ముక్క రాస్తే మదార్ పేరు జాబితాలోంచి పోతుందని ఇద్దరికీ తెలుసు. రాయకపోతే నా ప్రొబేషను మీదికి వస్తుందనీ తెలుసు.

నేను 'బాధ్యులు' గడిని రెండు రోజులు ఖాళీగా ఉంచాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గే. చిత్తుప్రతి ఒకటి మందలింపుతో కూడా రాశాను, చించేశాను. మూడో రోజు వెంకటరత్నం వచ్చి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. ఇన్వర్డు నంబరు పడిన కాగితం వెనక్కి పోదు, పరిష్కారం కావాల్సిందే అని చెప్పాను. ఆయన అక్కడే కూర్చుని ఇంకో ఉత్తరం రాసిచ్చాడు. 'నేను సాయంత్రం మాత్రమే కొలిచితిని. పొద్దున కొలవలేదు. తప్పు నాది.' కింద సంతకం. తన తప్పు ఒప్పుకోవడానికి ఒక రైతుకు మూడు వాక్యాలు సరిపోయాయి. ఆయన ముందే నేను కలం తీసి 'బాధ్యులు' ఎదురుగా నా పేరూ హోదా రాశాను. సమయం గడిని తొలగించి, అచ్చు వేసిన ఫారం ఇచ్చినందున ఈ పరిస్థితి ఏర్పడిందని కింద రాశాను. రంజాన్ నెలలో ఉదయం సాయంత్రం రెండు పూటలా ఆరున్నరకు షట్టర్లు మార్చవచ్చని సిఫారసు చేశాను. పాత నాలుగు గడులూ తిరిగి పెట్టించాను.

పండుగ నాడు మదార్ ఆఫీసుకు షీర్ ఖుర్మా, అంటే ఖర్జూరాలు వేసిన సేమ్యా పాయసం, తెచ్చాడు. పాలు వెంకటరత్నం ఇంటి గేదెవనీ, అడగకుండానే పంపాడనీ చెప్పాడు. ఈద్ ముబారక్ అన్నాను. ముబారక్‌లోనూ ఆ బర్కతే ఉందట. నెలంతా గట్టు మీద ఎడంగా పెట్టిన రాయిని నా బల్ల మీద పెట్టి, ఇగ దీంతో పని లేదు సార్ అన్నాడు.

మే నెలలో రెండు కాగితాలు ఒకే తపాలాలో వచ్చాయి. ఒకటి క్రమబద్ధీకరణ జాబితా, అందులో మదార్ పేరుంది. రెండోది నాకు మెమో. పై అధికారుల అనుమతి లేకుండా ఫారం మార్చినందుకు సంజాయిషీ అడుగుతూ వచ్చింది. నా ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. తిరిగి ఇచ్చేది ఒకటి ఎక్కువ ఉండాలని మదార్ చెప్పిన పాఠాన్ని మా శాఖ ఇంత త్వరగా పాటిస్తుందని నేననుకోలేదు. ఆ మెమో గాలికి ఎగిరిపోకుండా రాయి దాని మీద పెట్టి, మదార్‌ను పిలిపించి మొదటి కాగితం మాత్రం చూపించాను. రెండోది చూపించలేదు.

ఆ తరువాత పదవీ విరమణ దాకా నేను చేసిన ప్రతి ఫారంలో 'ఇతర వివరాలు' అనే గడి ఉంచాను. నూటికి తొంభై ఖాళీగానే వచ్చేవి. అయినా ఏ రిజిస్టరు తెరిచినా ముందు ఆ గడే చదివేవాణ్ని. ఇక ఎవరైనా నీళ్లు ఆలస్యంగా వచ్చాయని ఫిర్యాదు తెస్తే, ఎప్పుడు ఆగాయో కూడా రాసుకు రమ్మని పంపేవాణ్ని.